ముసలితనం లేని మేడ

మనుషులు ముసలివాళ్లు కారు, అక్షరాలే చిన్నవైపోతాయి. ఈ సంగతి కళ్లద్దాల పిన్నికి అందరికంటే ముందే తెలుసు. బజారులో కళ్లజోళ్ల దుకాణంలో ఆవిడ పనిచేసినన్నాళ్లూ వచ్చినవాళ్లంతా ఆ ముక్కే చెప్పారు. "ఈ మధ్య పేపరువాళ్లు సిరా సరిగ్గా వెయ్యడం లేదండీ" అని ఒకరు. "మా హాల్లో బల్బు మసకబారింది" అని ఇంకొకరు. "నాకేమీ లేదు, మా ఆవిడ పోరు పడలేక వచ్చాను" అని మరొకరు. పిన్ని అందరి మాటకీ తలూపేది. ఓ ఫ్రేము తీసి వాళ్ల ముక్కు మీద పెట్టి, అద్దం చూపించి, "వీటిలో మీరు చదువుకున్నవాళ్లలా ఉన్నారు" అనేది. వెంటనే కొనేవారు.

అంతమందికి అద్దాలు పెట్టిన పిన్ని తన కళ్లజోడు నంబరు చూపించుకుని ఎన్నాళ్లయిందో తనే మర్చిపోయింది. ఆ సంగతి తర్వాత.

పిన్ని ఉండేది అయిదంతస్తుల మేడలో, మూడో అంతస్తున, ఒక్కతే. ఆ మేడలో ఉన్నవాళ్లంతా ఉద్యోగాలు ముగించుకున్నవాళ్లే. అందరూ ఆవిణ్ణి పిన్నీ అనే పిలుస్తారు, ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా. ఒక్క అయిదో అంతస్తు వదిన మాత్రం "పిల్లా" అంటుంది. తనని పిల్లా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు మిగలలేదు కాబట్టి, రోజూ మధ్యాహ్నం టీ వేళకి పిన్ని లిఫ్టెక్కి అయిదో అంతస్తుకి వెళ్లేది. ఇద్దరూ బాల్కనీలో కూర్చుని పేకాట ఆడేవారు. వదిన దొంగాట ఆడుతుంది. ఆడుతోందని పిన్నికి తెలుసు, ఎలా ఆడుతోందో మాత్రం అంతుపట్టేది కాదు.

వదిన మొగుడు విజిల్ మాస్టారు. బళ్లో డ్రిల్లు నేర్పించి రిటైరయ్యాడు గానీ మెళ్లో విజిల్ రిటైరవ్వలేదు. మేడ అసోసియేషన్‌కి ఆయనే అధ్యక్షుడు. కింద, లిఫ్టు పక్కనున్న గదిలో "నిత్య యౌవన సంఘం" అని బోర్డు పెట్టి, సాయంత్రాలు అందరినీ పోగుచేసి ముసలితనాన్ని ఎలా తరిమికొట్టాలో చెప్పేవాడు. సంఘంలో కొన్ని మాటలు నిషేధం. కూర్చునేటప్పుడు "అమ్మయ్య" అనకూడదు. లేచేటప్పుడు "అబ్బా" అనకూడదు. "మా రోజుల్లో" అని ఏ వాక్యమూ మొదలుపెట్టకూడదు. నొప్పి అన్నవాళ్లు గుంజీలు తియ్యాలి. మోకాలు నొప్పి అన్నా గుంజీలే.

"ముసలితనం అనేది ఒట్టి అలవాటు" అన్నాడు మాస్టారు ఒకరోజు. "మానేస్తే అదే పోతుంది. మన మేడలో ఆ అలవాటుని పెంచి పోషిస్తున్నది ఎవరో చెప్పండి చూద్దాం."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అదిగో, అది!" అని వేలు చూపించాడు. సరిగ్గా అప్పుడే లిఫ్టు కిందికి వచ్చి, దొరికిపోయినదానిలా దబ్బున ఆగింది.

లిఫ్టు ఆపేసి అందరూ మెట్లెక్కితే గుండె, ఊపిరి, ఎముకలు, జ్ఞాపకశక్తి, చివరికి జుట్టు కూడా బాగుపడతాయని ఆయన చదివాడట. రాసినవాడి ఇల్లు ఎన్నో అంతస్తో ఎవరూ అడగలేదు. ఓటింగు పెడితే ఎవరైనా అడ్డుతగులుతారని మాస్టారు భయపడ్డాడేమో, తెలివిగా ఇంకోలా అడిగాడు.

"మెట్లెక్కలేనివాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి."

రెండో అంతస్తు రేడియో బాబాయి రెండు చేతులూ జేబుల్లో దోపుకున్నాడు, పొరపాటున కూడా లేవకుండా. రేడియోలో వార్తలు చదివినప్పటి గొంతు ఇప్పటికీ ఖంగుమంటుందని ఆయనకి గర్వం. నాలుగో అంతస్తు పళ్ల డాక్టరు తన చేతుల మీద తనే కూర్చున్నాడు. పిన్ని మోకాలు ఆ ఉదయం నుంచే సలుపుతోంది. చెయ్యి ఒడిలోంచి కాస్త లేచింది కూడా. ఇంతలో పక్కనే కూర్చున్న వదిన పిన్ని తొడ మీద గట్టిగా గిల్లింది. మొగుడు అధ్యక్షుడు కదా, పరువు తియ్యొద్దంటోంది పాపం అనుకుని పిన్ని చెయ్యి మళ్లీ ఒడిలో పెట్టేసుకుంది.

"ఏకగ్రీవం!" అని మాస్టారు విజిల్ ఊదాడు.

ఆ సాయంత్రం లిఫ్టు ఆఖరిసారి ఎక్కింది. దాన్లో వదిన పైకి వెళ్లింది. మర్నాడు పొద్దున్న మాస్టారు లిఫ్టుకి తాళం వేసి, తాళంచెవి విజిల్ తాడుకే కట్టుకుని మెళ్లో వేసుకున్నాడు. వదిన మళ్లీ కిందికి దిగలేదు.

తర్వాత ఆ మెట్లని చూసి తీరాలి. అంతకుముందు ఎవరూ కన్నెత్తి చూడని మెట్ల మలుపులకి ఒక్కసారిగా అందం వచ్చేసింది. రెండో మలుపు కిటికీలోంచి కనిపించేది ఎదురింటి గోడా, నీళ్ల పైపూ. ఆ పైపుకి అంతమంది అభిమానులు ఉంటారని అది పెట్టినవాడు కలలో కూడా అనుకుని ఉండడు. గంటల తరబడి చూసేవారు. పళ్ల డాక్టరు ప్రతి మలుపులోనూ బూటు లేసు కట్టుకునేవాడు, చెప్పులు వేసుకున్న రోజున కూడా. రేడియో బాబాయి పాటలు పాడుకుంటూ ఎక్కేవాడు. ఒక్కో చరణానికీ మధ్య సంగీతం వచ్చేచోట మరీ ఎక్కువసేపు ఆగేవాడు.

పిన్ని తన గుమ్మం ముందు మెట్ల మలుపులో ఒక పాత కుర్చీ వేసింది. "రంగు ఆరడానికి పెట్టాను" అని చెప్పింది. ఏ రంగు అన్నాళ్లు ఆరుతుందని ఒక్కరూ అడగలేదు. పైకి వెళ్లేవాళ్లంతా రంగు ఆరిందో లేదో చూస్తామని దాని మీద కూర్చుని చూసేవారు.

"ఇంకా ఆరలేదు పిన్నిగారూ" అనేవాడు డాక్టరు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

"ఆరదండీ, ఇది విదేశీ రంగు" అనేది పిన్ని.

తనకి మాత్రం ఆ కుర్చీ పనికొచ్చేది కాదు. తను వెళ్లాల్సింది ఇంకా పైకి. మొదట్లో రోజూ ఎక్కింది. తర్వాత రోజు విడిచి రోజు. ఆ తర్వాత నాలుగో అంతస్తు మలుపు దాకా వెళ్లి, అక్కడి రెయిలింగు పట్టుకుని, పైన వదిన గుమ్మం ముందున్న చెప్పులు కింది నుంచి చూసి, దిగి వచ్చేసింది. ఆ చెప్పుల మీద దుమ్ము పేరుకోవడం ఆవిడ పాత అద్దాల్లోంచి కూడా కనిపించింది.

అప్పుడు వదిన బుట్ట దింపింది.

ప్లాస్టిక్ తీగలతో అల్లిన పాత కూరగాయల బుట్ట. దానికి నైలాన్ తాడూ, ఒక చిన్న గంటా. అయిదో అంతస్తు బాల్కనీలోంచి దిగి, పిన్ని వంటింటి కిటికీ ముందు ఆగింది. దాన్లో బట్టల క్లిప్పు పెట్టిన పేకముక్కలున్నాయి. పిన్ని నవ్వు ఆపుకోలేక గరిటె స్టవ్ మీదే వదిలేసింది. ఆ రోజు నుంచి రమ్మీ బుట్టలో నడిచింది. పిన్ని పనికిరాని ముక్క క్లిప్పుకి తగిలించి తాడు లాగితే, బుట్ట పైకి పోయి ఇంకో ముక్కతో దిగేది. ఒకసారి గాలికి రాణి ఎగిరిపోయి ఎదురింటి నీళ్ల ట్యాంకులో పడింది. దాని బదులు వదిన మందుల అట్టముక్క మీద ఓ ఆడమనిషి బొమ్మ గీసి పంపింది. దానికి మీసాలు ఉన్నట్టు పిన్నికి అనిపించింది. అడిగితే అవి జడలట.

ఆట సాగింది గానీ కబుర్లు సాగలేదు. అయిదో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి అరిచి చెప్పుకునే కబుర్లు ఏముంటాయి? టీ తాగావా, తాగాను. వాన వచ్చేట్టుంది, వస్తే రానీ. అసలు కబుర్లన్నీ గొంతు తగ్గించి చెప్పుకునేవే.

ఆ బుట్టకి ఇంకో పని కూడా ఉందని పిన్ని కొన్నాళ్లకి కనిపెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళ అది ఆవిడ కిటికీ దగ్గర ఆగకుండా తిన్నగా కిందికి పోయేది. దాన్లో క్యారేజీ ఉండేది. ఒక్కోసారి పైకి మాసిన చొక్కా పోయి, కిందికి ఇస్త్రీ చొక్కా వచ్చేది. బుట్ట ఆగేది అసోసియేషన్ గది కిటికీ దగ్గర. అది ఆగగానే కింది నుంచి ఒక విజిల్ వినిపించేది.

మాస్టారు మాత్రం అందరితోనూ, "నేను మీరెవరూ లేవకముందే దిగిపోతాను, మీరంతా పడుకున్నాక ఎక్కుతాను. క్రమశిక్షణ!" అనేవాడు.

ఇలా ఉండగా వరసగా రెండు మధ్యాహ్నాలు పేకముక్కల బుట్ట దిగలేదు. మూడో రోజు పిన్ని మోకాలికి పట్టీ చుట్టుకుని మెట్లెక్కింది. తన కుర్చీలో కూర్చుంది, నాలుగో మలుపులో గోడకి ఆనుకుంది, ఆ తర్వాత మెట్టు మెట్టుకీ మోకాలిని బతిమాలుకుంటూ అయిదో అంతస్తు చేరింది. తలుపు తీసే ఉంది. వదిన బట్టలు మడతపెడుతోంది. పక్కనే ఒక పెట్టె తెరిచి ఉంది.

"ఏంటి వదినా ఇది?"

"రా పిల్లా, కూర్చో. అమ్మాయి వస్తానంది, ఆదివారం. వాళ్లింటికి తీసుకెళ్తుందట. కింది ఇల్లు, మెట్లు ఉండవు."

"ఎన్నాళ్లు?"

"దానికి నన్ను తీసుకెళ్లడమే తెలుసు. తీసుకురావడం ఎప్పుడో చెప్పలేదు." వదిన ఒక చీర మడత విప్పి మళ్లీ మడిచింది. "మంచిదే పాపం. కానీ అక్కడ మంచినీళ్లు తాగాలన్నా గ్లాసు ఎక్కడుందని అడగాలి. వాళ్లంతా ఆఫీసులకి పోతే గోడలతో ఏం మాట్లాడను? అయినా ఇక్కడ మాత్రం ఎవరితో మాట్లాడుతున్నాను గనక. ఆ గోడలేవో అక్కడే చూసుకుంటా."

"మరి కిందికి ఎలా దిగుతావు?"

"కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోస్తారట. బతికుండగానే మోసేస్తున్నారు, తర్వాత ఆ శ్రమ లేకుండా."

పిన్నికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి, "అన్నయ్యగారేమన్నారు?" అంది.

"ఏమంటారు? విజిల్ ఊదారు."

"ఆయన పైకి రావడం లేదు కదూ?"

వదిన తలుపు వైపు చూసింది, ఎవరూ లేకపోయినా. "మొదటి వారం ఎక్కారు పిల్లా. రెండో వారం మూడో మలుపు దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోయారట. తర్వాత కింద ఆఫీసు పని ఎక్కువైపోయింది. గదిలోనే బల్ల మీద పడుకుంటున్నారు. ఎక్కలేకపోతున్నానని ఒక్క మాట అనరు, అన్నారని నేనెవరికీ చెప్పకూడదు. మా సంసారం ఇప్పుడు విజిళ్ల మీద నడుస్తోంది. ఒకసారి ఊదితే భోజనం అందినట్టు. రెండుసార్లు ఊదితే ఉప్పు తక్కువైనట్టు."

"మరి ఎక్కువైతే?"

"ఎక్కువైతే ఊదరు. పంతం. ఆయన ఊదేదాకా నేను గంట ఊపుతూనే ఉంటా. తిన్నారో లేదో నాకెలా తెలుస్తుంది?"

వదిన ఉన్నట్టుండి పిన్ని చెయ్యి మీద చిన్న దెబ్బ వేసింది.

"ఇదంతా నీ వల్లే వచ్చింది. ఆ రోజు మీటింగులో అంత గట్టిగా గిల్లాను కదే! నేను అధ్యక్షుడి పెళ్లాన్ని, నేనెలా ఎత్తుతాను? నిన్ను ఎత్తమనేగా గిల్లింది!"

"ఎత్తబోయేదాన్ని వదినా! నువ్వు గిల్లావని దించేశాను. వద్దంటున్నావనుకున్నా!"

"వద్దనడానికి గిల్లుతారా ఎవరైనా? వద్దనడానికి చెయ్యి పట్టుకుంటారు."

మెట్లు దిగుతున్నంతసేపూ పిన్ని బుర్రలో అదే తిరిగింది. వదిన గిల్లకపోతే నిజంగా ఎత్తేదాన్నా? ఏమో. గదిలో అందరి ముందూ మోకాలు నొప్పనడం కంటే ఆ మోకాలితో మెట్లెక్కడమే తేలికనిపించిన మాట నిజం. దుకాణంలో అంతమందిని లోలోపల నవ్వుకుంది. సిరా మంచిది కాదన్నవాళ్లకీ తనకీ తేడా ఏముంది? తన గుమ్మం ముందున్న కుర్చీ కనిపించింది. రంగు ఇంకా ఆరలేదు. కూర్చుంది.

శనివారం సర్వే అమ్మాయి వస్తుందని మాస్టారు అందరికీ కబురు పెట్టాడు. ముసలితనం మీద పరిశోధన చేసే సంస్థ ఏదో ఉందట. లిఫ్టు మానేసి యౌవనం తెచ్చుకున్న మేడ అని ఈ మేడ పేరు వాళ్ల చెవిన పడిందట. ఎవరి నోటి నుంచి పడిందో వేరే చెప్పక్కర్లేదు.

సర్వే అమ్మాయి మంచిది. భుజానికి బరువైన బ్యాగు, మొహంలో అలసట. ఆ రోజు అది ఆ పిల్లకి మూడో ఇల్లో, నాలుగో ఇల్లో. అసోసియేషన్ గదిలో బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కరినే అడగడం మొదలుపెట్టింది. మాస్టారు ఆమె వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ గదిలో ఒక మూల బీరువా మీద మడిచిన దుప్పటీ, దిండూ ఉన్నాయి. వాటి మీద "నిత్య యౌవన సంఘం" బ్యానరు కప్పి ఉంది.

"మెట్లెక్కడంలో మీకేమైనా ఇబ్బంది ఉందా అండీ?"

"ఇబ్బందా!" రేడియో బాబాయి గొంతు సవరించుకున్నాడు. "పాడుకుంటూ ఎక్కుతానమ్మా. కావాలంటే ఒకటి వినిపిస్తాను."

"వద్దులెండి, రాసుకున్నాను. మీకండీ?"

"నాకు మెట్లే కనిపించవు" అన్నాడు పళ్ల డాక్టరు. "అంత తేలిగ్గా ఎక్కేస్తాను."

అమ్మాయి రాసుకుంటూ పోయింది. అందరికీ అన్నీ బాగున్నాయి. నిద్ర బాగుంది, ఆకలి బాగుంది, కీళ్లు బాగున్నాయి. ఆ పిల్ల తల ఎత్తి, "ఎంత బాగున్నారండీ మీరంతా! మా ఇంట్లో మా అమ్మే మీకంటే ముసలిగా ఉంది" అంది. మాస్టారి ఛాతీ విజిల్‌తో సహా ముందుకి వచ్చింది.

"అందరూ వచ్చినట్టేనా అండీ?" అని అడిగింది.

"అందరూ వచ్చారు" అన్నాడు మాస్టారు.

"రాగలిగినవాళ్లంతా వచ్చారు" అంది పిన్ని.

అమ్మాయికి ఆ తేడా అర్థమైనట్టు లేదు. "అంతే కదండీ, వచ్చినవాళ్లనే అడగమన్నారు మా సారు" అని ఓ చిరునవ్వు నవ్వి, "మీరొక్కరే మిగిలారు ఆంటీ. మెట్లెక్కడంలో ఇబ్బంది ఉందా?" అంది.

పిన్ని చెయ్యి ఒడిలో ఉంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. గిల్లేవాళ్లు ఎవరూ లేరు. గిల్లేవాళ్లు లేకుండానే ఆవిడ చెయ్యెత్తింది. కూర్చునే, బళ్లో పిల్లలా.

"ఉంది" అంది.

"ఏంటండీ?"

"ఇబ్బంది. మోకాలు సలుపుతుంది. రెండో అంతస్తు దాటాక గుండె దడదడలాడుతుంది. మూడో అంతస్తులో మా ఇల్లు కాబట్టి బతికిపోయాను. ఈ మాట ఆ రోజే చెప్పాల్సింది, సిగ్గుపడి చెప్పలేదు."

మాస్టారి మొహం కందిపోయింది. "చెల్లెమ్మా, సంఘం నియమం..." అన్నాడు.

"గుంజీలేగా అన్నయ్యగారూ, తీస్తాను. గుంజీలో కిందికి వంగాక లేపడానికి మాత్రం మీరు రావాలి."

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు ఇంకేదో అనబోతుండగా గంట మోగింది.

బుట్ట దిగింది. అసోసియేషన్ గది కిటికీ ముందు, సర్వే అమ్మాయి కళ్లెదుట, క్యారేజీతో, దాని మీద మడిచిన ఇస్త్రీ చొక్కాతో, మెల్లగా ఊగుతూ ఆగింది.

"అదేంటండీ?" అంది అమ్మాయి.

మాస్టారు కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు, అడ్డంగా నిలబడితే లేనట్టే అయిపోతుందన్నట్టు. పైన వదిన కాసేపు చూసింది. విజిల్ వినిపించలేదు. గంట ఊపింది. ఆగింది. మళ్లీ ఊపింది. ఆ తర్వాత ఆగకుండా ఊపింది. బుట్ట ఎగిరెగిరి పడుతోంది. క్యారేజీ గిన్నెలు దడదడలాడాయి. చొక్కా చెయ్యి ఒకటి బయటికి వచ్చి, కిటికీ ఊచల్లోంచి మాస్టారి భుజం తట్టింది.

"ఊదండి అన్నయ్యగారూ" అంది పిన్ని, గొంతు తగ్గించి. "మీరు తిన్నారో లేదోనని పైన వదిన కంగారుపడుతోంది."

మాస్టారు విజిల్ చేతిలోకి తీసుకున్నాడు. పెదాల దాకా వచ్చింది, ఊపిరి రాలేదు. ఆ చేతికి వణుకుందని ఆ రోజే అందరూ చూశారు. మూడోసారికి ఊదాడు. ఒక్కటే, చిన్నది. పిల్లల్ని వరసలో నిలబెట్టే విజిల్ కాదది. గంట ఆగింది.

"ఎవరికండీ ఆ విజిల్?" అంది అమ్మాయి.

"మా ఆవిడకి."

"ఆవిడ సర్వేకి రాలేదేం?"

"దిగలేదు" అన్నాడు చివరికి.

"మీరు పైకి వెళ్లి చాలా రోజులైందా అండీ?"

ఆ ప్రశ్న అమ్మాయి కాగితాల్లో లేదు. ఆ పిల్ల సొంతంగా అడిగింది. మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుంటూ "అమ్మయ్య" అన్నాడు. ఆ మాట నిషేధమని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

"నేను పాడేది ఆయాసం వినపడకూడదనేనమ్మా" అన్నాడు రేడియో బాబాయి ఉన్నట్టుండి. ఇక గేటు తెరిచినట్టయింది. తన బూట్లకి అసలు లేసులే లేవని డాక్టరు చెప్పాడు. ఎప్పుడూ నోరు మెదపని ఒకటో అంతస్తు పెద్దావిడ, తనకి ఎక్కే మెట్లు ఎక్కువ లేకపోయినా ఈ గదిలో గంటసేపు వంగకుండా కూర్చోవడమే ప్రాణం మీదికి వస్తోందంది. ఒకరి మాట పూర్తవకుండానే ఇంకొకరు. నడుములు, మడమలు, రాత్రిళ్లు పట్టే పిక్కలు. తమ దగ్గర ఇంత సరుకు ఉందని అన్నాళ్లూ దాచుకున్నందుకు వాళ్లకే ఆశ్చర్యంగా ఉంది. అందరి మొహాల్లోనూ కళ. ఆ మేడలో నిజంగా యౌవనం కనిపించింది ఆ పావుగంటే. సర్వే అమ్మాయి కలం మూసేసి, "ఇవన్నీ రాయడానికి గడి లేదండీ" అంది దిగులుగా.

మాస్టారు మెళ్లోంచి తాడు తీశాడు. తాళంచెవి ముడి ఆయన వేళ్లకి లొంగలేదు. పిన్ని విప్పబోయింది. ఆవిడ కళ్లకి ముడి ఆనలేదు. చివరికి అమ్మాయే విప్పింది.

లిఫ్టు ఇన్నాళ్ల అలక తీరక కాసేపు మూలిగి, తర్వాత కదిలింది. మాస్టారు ఒక చేత్తో క్యారేజీ, ఒక చేత్తో ఇస్త్రీ చొక్కా పట్టుకున్నాడు. పిన్ని పక్కన నిలబడింది. మూడో అంతస్తు దాటుతుంటే ఆయన నెమ్మదిగా, "ఏమంటుందో చెల్లెమ్మా" అన్నాడు. డ్రిల్లు మాస్టారి గొంతు కాదు.

వదిన తలుపు తీసింది. మొగుణ్ణి పైనుంచి కిందికి ఓసారి చూసింది.

"ఎవరు కావాలండీ?" అంది.

"నేనే" అన్నాడు మాస్టారు.

"మా ఇంట్లో మగవాళ్లు లేరు. కింద ఆఫీసులో ఉంటారు. అర్జెంటైతే బుట్ట దింపుతాను, రాసి పెట్టండి."

"ఉప్పు సరిపోయింది" అన్నాడాయన. ఇంకేం అనాలో తోచలేదు. ఇంకా మూత తియ్యని క్యారేజీ ఆయన చేతిలోనే ఉంది.

వదిన పెదాలు బిగించింది గానీ కళ్లు మాట వినలేదు. "లోపలికి తగలడండి. ఆ చొక్కా నలిపేశారు, మళ్లీ ఇస్త్రీ ఎవరు చేస్తారు? పిల్లా, నువ్వు కూడా రా. ఎందుకట ఆ నవ్వు?"

ఆదివారం కూతురు నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి వదిన కింద, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, బ్యానరు ఎలా ఉతకాలో మొగుడికి చెబుతోంది. "వచ్చావా తల్లీ! వీళ్లెవరే? మోసేవాళ్లా? అయితే మీ నాన్న బీరువా ఒకటి ఉంది, పైకి చేర్చండి" అంది. కూతురు కాసేపు గొణిగింది. తర్వాత లిఫ్టులో పెట్టెతో సహా పైకి వెళ్లి, చీరలన్నీ తిరిగి సర్దిపెట్టింది.

అయితే సంఘానికీ పరువుంది. లిఫ్టు మళ్లీ నడిపిస్తున్నామంటే ఊళ్లో తల ఎలా ఎత్తుకోవడం? తర్వాతి మీటింగులో మాస్టారు కొత్త తీర్మానం చదివాడు. కదులుతున్న లిఫ్టులో ఏదీ పట్టుకోకుండా నిటారుగా నిలబడడం శరీరానికి నిలకడనిచ్చే గొప్ప వ్యాయామమట. కాబట్టి సభ్యులందరూ రోజూ వీలైనన్నిసార్లు ఆ వ్యాయామం చెయ్యాలి.

"చెయ్యలేనివాళ్లు ఎవరైనా ఉంటే..." అని మొదలుపెట్టి, వదిన మొహం చూసి, ఆగాడు. "ఉంటే అందులో స్టూలు వేయిద్దాం" అన్నాడు.

పిన్ని తన కుర్చీ ఇచ్చేసింది. రంగు ఆరిందని చెప్పింది.

కొన్నాళ్లకి సంస్థవాళ్ల నివేదిక వచ్చింది. ఆ మేడలో సర్వేకి వచ్చినవాళ్లందరూ ఆరోగ్యంగా ఉన్నారనీ, దానికి కారణం మెట్లేననీ రాశారు. ఒకే ఒక్కరికి మోకాలి నొప్పి ఉందని, అది లెక్కలోకి తీసుకోదగ్గది కాదనీ కింద సన్నక్షరాల్లో వేశారు. పిన్నికి ఆ ముక్క చదవడం చేతకాలేదు. అక్షరాలు మరీ చిన్నవి. రేడియో బాబాయి ఖంగుమనే గొంతుతో చదివి వినిపించాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆగినందుకు ఏమీ దాచుకోలేదు.

ఆ మధ్యాహ్నం పిన్ని లిఫ్టెక్కి అయిదో అంతస్తుకి వెళ్లింది. టీ తాగుతూ ముక్కలు పంచుకున్నారు. మందుల అట్ట మీసాల రాణి ఇప్పటికీ ఆటలోనే ఉంది. లోపల మాస్టారు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఊపిరి విడిచినప్పుడల్లా సన్నగా విజిల్ వస్తోంది.

వదిన చకచకా ముక్కలు పరిచింది. "అయిపోయింది! ఆఠీను వరస, చూసుకో."

పిన్ని ముక్కల మీదికి వంగింది. ఎర్రగా ఉన్నాయి, అంతవరకే తెలుస్తోంది. ఎప్పట్లా "సరేలే" అనబోయి ఆగింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోలేదు.

"వదినా, నాకు ఆఠీనుకీ డైమనుకీ తేడా కనిపించడం లేదు. చాలా రోజులైంది."

"తెలుసు" అంది వదిన.

"తెలుసా!"

"తెలియక ఎలా గెలుస్తున్నాననుకున్నావు? ఆ వరసలో రెండు డైమన్లు ఉన్నాయి."

ఇద్దరూ కప్పుల్లో టీ ఒలికిపోయేలా నవ్వారు. లోపల విజిల్ ఓ క్షణం ఆగి, మళ్లీ అందుకుంది.

"రేపే మా పాత దుకాణానికి వెళ్లి నంబరు చూపించుకుంటా" అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ.

"ఎల్లుండి వెళ్లు పిల్లా" అంది వదిన, ముక్కలు కలుపుతూ. "రేపటి ఆట కూడా నన్ను గెలవనీ."